పొద్దుటి పొగ

జనవరి. ఐదున్నర దాటింది. ఉంగుటూరులో రోడ్డు పక్కనున్న ఈ రేకుల షెడ్డు ముందు నిలబడి చూస్తే ఎదుటి కరెంటు స్తంభం సగం దాకానే కనిపిస్తోంది. మిగతాదంతా మంచు. రేకుల అంచు నుంచి ఆగి ఆగి నీటి బొట్లు రాలుతున్నాయి. ఎక్కడో పాలక్యాన్ల బండి హారన్ కొట్టుకుంటూ పోతోంది, బండి మాత్రం కనబడదు. ఫోన్లో చూస్తే 16 డిగ్రీలు. మన కృష్ణా జిల్లాకి ఇదే పెద్ద చలి. మఫ్లర్లు, మంకీ టోపీలు అన్నీ బయటికొచ్చేశాయి.

షెడ్డులో ఒక పాత డీజిల్ కారు ఉంది. నిన్న సాయంత్రం ఇంజను ఆపిన దగ్గర్నుంచి దాన్ని ఎవరూ స్టార్ట్ చెయ్యలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించండి. రేకు చల్లగా, తడిగా తగులుతుంది.

"తాళం ఎవరూ తిప్పలేదు కదా?"

మెకానిక్ మేస్త్రి వస్తూనే అడిగిన మొదటి మాట ఇది. షెడ్డులో పడుకున్న కుర్రాడు లేదన్నట్టు తలూపాడు. బండి యజమాని, అరవై దాటిన రైతు, తలకి తువ్వాలు చుట్టుకుని అప్పటికే బల్ల మీద కూర్చునున్నాడు.

"నేనెందుకు తిప్పుతానయ్యా, నువ్వొద్దన్నాక."

"మంచి పని చేశారు బాబాయ్. ఇది రోజుకి ఒక్కసారే చూడనిస్తుంది. ఒకసారి అంటుకుందంటే మళ్లీ రేపు పొద్దున్నే."

పొద్దున్నే స్టార్ట్ కాని ఈ జబ్బుతో ఉన్న చిక్కంతా అక్కడే ఉంది. పొద్దున మొరాయించిన బండిని నానా తంటాలు పడి స్టార్ట్ చేసి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి ఇంజను వేడెక్కిపోతుంది. ఆయన తాళం తిప్పగానే ఠక్కున అందుకుంటుంది. "ఏం లేదండీ, బాగానే ఉంది" అంటాడు. లేకపోతే ఊహ మీద ఏదో ఒకటి మారుస్తాడు. ఈ బండికి కిందటేడు అలాగే కొత్త బ్యాటరీ పడింది. మొన్న ఇంకొకచోట డీజిల్ పంపు దిగిపోయిందన్నారు, విప్పి క్యాలిబ్రేషన్ చేయించాలన్నారు. ఖర్చు విని రైతు వెనక్కి వచ్చేశాడు. రాకపోతే పంపు బాగుచేయించుకుని కూడా ఇదే బల్ల మీద కూర్చునేవాడు.

ఆయన సొంత వైద్యం ఆయన చేస్తూనే ఉన్నాడు. రాత్రిపూట బండిని పల్లంలో పెట్టుకోవడం, పొద్దున్నే ఇద్దరు మనుషుల్ని పిలిచి తోయించడం. ఎవరో చెప్తే పంపు మీద వేణ్ణీళ్లు కూడా పోశాడట. ఆయన తోటలు నూజివీడు పక్కన ఉన్నాయి. తేలప్రోలు దగ్గర హైవే ఎక్కి, హనుమాన్ జంక్షన్లో ఎడమకి తిరిగి వెళ్లాలి. మామిడి పూత మీదుంది. ఈ మంచుకి తేనెమంచు పురుగు, బూడిద తెగులు రెండూ ఎగబడతాయి. మందు కొట్టే కూలీలు ఏడింటికల్లా చెట్ల కింద ఉంటారు. పూత చూసి తోట బేరమాడే వ్యాపారులూ ఆ వేళకే వస్తారు. తొమ్మిదింటికి చేరితే కూలి పోతుంది, బేరం కూడా పోతుంది.

ఇక పని చూద్దాం. మేస్త్రి తాళం జోలికి పోలేదు. బానెట్ ఎత్తి టార్చి వేశాడు. నిన్న సాయంత్రమే ఆయన ఒక పని చేసి పెట్టాడు. డీజిల్ ఫిల్టరుకీ పంపుకీ మధ్యనున్న నల్ల రబ్బరు పైపు తీసేసి, దాని బదులు జానెడు తెల్లటి పారదర్శక పైపు బిగించాడు. టార్చి వెలుగు దాని మీద పడింది. నిన్న ఇంజను ఆపినప్పుడు పైపు నిండా పసుపు పచ్చటి డీజిల్ ఉంది. ఇప్పుడు పై వంపులో ఏమీ లేదు. కింద సగంలోనే డీజిల్ నిలిచి ఉంది. దాని పై అంచు గీత గీసినట్టు కనబడుతోంది.

"చూశారా బాబాయ్? రాత్రి డీజిల్ వెనక్కి పోయింది."

"పోతే కింద కారాలి కదయ్యా? నేల మీద చుక్క లేదు."

"కింద కారలా. ట్యాంకులోకే దిగింది. ఎక్కడో గాలి లోపలికొస్తోంది, ఆ సందున డీజిల్ వెనక్కి జారుతోంది."

ఇప్పుడు మల్టీమీటరు బ్యాటరీకి పెట్టాడు. 12.5 వోల్టులు. పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ 12.6 దాకా చూపిస్తుంది కాబట్టి దీనికేమీ లోటు లేదు. టెర్మినళ్ల మీద తెల్లటి ఉప్పు కొంచెం కట్టింది గానీ బిగుతుగానే ఉన్నాయి. కుర్రాణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. లోపలి లైటు వేయమన్నాడు. తాళం మొదటి గంటు దాకా తిప్పమన్నాడు. డాష్‌బోర్డు మీద చుట్టలు చుట్టిన తీగ బొమ్మ, హీటరు లైటు, పసుపు పచ్చగా వెలిగింది. బానెట్ కింద రిలే 'టక్' మంది.

మేస్త్రి చూపు హీటరు లైటు మీద లేదు. పైనున్న లోపలి లైటు మీద ఉంది.

"కుంగలేదు చూడు. నాలుగు ప్లగ్గులూ కరెంటు లాగితే ఈ లైటు మసకబారాలి."

హీటరు ప్లగ్గు ఒక్కొక్కటి పది ఆంపియర్ల పైనే లాగుతుంది. నాలుగూ ఒకేసారి పనిచేస్తే బ్యాటరీ మీద బరువు గట్టిగా తెలుస్తుంది. ఇక్కడ మీటరు కూడా పెద్దగా దిగలేదు. డాష్‌బోర్డు లైటు వెలిగింది కదా, ఆరింది కదా, హీటర్లు బాగానే ఉన్నట్టే కదా అని చాలామంది అనుకుంటారు. పాత బళ్లలో ఆ లైటుకీ ప్లగ్గుల ఆరోగ్యానికీ ఏ సంబంధమూ ఉండదు. టైమరు వెలిగించమంటే వెలుగుతుంది, ఆర్పమంటే ఆరుతుంది. నాలుగు ప్లగ్గులూ చచ్చినా అది అలాగే వెలిగి ఆరుతుంది.

"బాబాయ్, మీరు వెనక్కి రండి. సైలెన్సర్ దగ్గర నిలబడండి. మీరు కూడా" అని నన్నూ పిలిచాడు. "సెల్ఫ్ తిరిగేటప్పుడు పొగ ఎప్పుడొస్తుందో, ఏ రంగులో వస్తుందో చూడండి. అదొక్కటి చూస్తే చాలు."

కుర్రాడు సెల్ఫ్ కొట్టాడు.

గిరగిరా తిరుగుతోంది. ఈడుపు లేదు, మూలుగు లేదు. అంటే సెల్ఫ్ మోటారు బాగుంది, బ్యాటరీ బాగుంది, కిందటేడు కొన్న బ్యాటరీ డబ్బు దండగని ఆ ఒక్క చప్పుడే చెప్తోంది. సైలెన్సర్ నోటి దగ్గర చెయ్యి పెడితే గాలి కొడుతోంది. పొగ లేదు. ఇంకా తిరుగుతోంది. పొగ లేదు. మేస్త్రి టార్చి పైపు మీదే ఉంది. డీజిల్ మెల్లగా పైకి పాకి వంపు దాటింది, దాని వెనక నురగలాంటి బుడగలు వరుసగా పోయాయి. కుర్రాడు ఆపాడు, ఊపిరి పీల్చుకునేంత సేపు ఆగి మళ్లీ కొట్టాడు.

ఇప్పుడొచ్చింది పొగ. తెల్లగా, దట్టంగా, మంచులో మంచులా కలిసిపోతూ. కానీ వాసన వేరు. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన. ఇంజను ఒకసారి దగ్గింది, రెండు సిలిండర్ల మీద కుంటుతూ అందుకుంది. బండి మొత్తం ఊగిపోతోంది, సీట్లో కుర్రాడూ ఊగుతున్నాడు. నిమిషం లోపల మూడోది కలిసింది, తర్వాత నాలుగోది. చప్పుడు సర్దుకుంది, పొగ పలచబడింది. ఇక ఇప్పుడు ఏ మెకానిక్ చూసినా "బాగానే ఉంది కదండీ" అనే అంటాడు.

"రెండు జబ్బులు" అన్నాడు మేస్త్రి, చేతులు వేస్టుతో తుడుచుకుంటూ. "ముందు పొగే రాలా, అంటే నాజిళ్లకి డీజిల్ అందలా. తర్వాత తెల్లపొగ వచ్చింది, అంటే డీజిల్ అందింది గానీ అంటుకోలా. రెంటికీ మందు వేరు."

పొగ రాకపోవడం, తెల్లపొగ రావడం: ఈ రెండిటికీ తేడా తెలిసిన మనిషి ముందే సగం పని పూర్తి చేసినట్టు. ఇక్కడ రెండూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఒక్క హీటర్లే మార్చి పంపిస్తే బండి కొంచెం మెరుగుపడేది, రైతు కొంచెం సంతోషించేవాడు, వారం తిరక్కుండా మళ్లీ వచ్చేవాడు.

టీ వచ్చింది. ఇంజను ఇంకాస్త వేడెక్కనివ్వాలి, ప్లగ్గులు విప్పడానికి అదే మంచిదట. ఈ లోపల అసలు ఈ హీటర్ల గొడవ ఏమిటో చూద్దాం. డీజిల్ ఇంజనులో పెట్రోలు బండికి ఉన్నట్టు నిప్పురవ్వ వేసే స్పార్క్ ప్లగ్గు ఉండదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజను సూత్రమే ఇప్పటికీ నడుస్తోంది. గాలిని గట్టిగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది. సైకిలు పంపు చివర వేలితో మూసి నాలుగుసార్లు కొడితే గొట్టం వేడెక్కదూ, అదే. ఇలాంటి పాత తరం ఇంజన్లలో గాలి ఇరవై రెండో వంతుకు నలుగుతుంది. ఆ లెక్కన వేడికి కొదవ ఉండకూడదు. కానీ వీటిలో డీజిల్ నేరుగా సిలిండర్లో పడదు. పక్కనే ఒక చిన్న గదిలో, ప్రీ-ఛాంబర్లో, పడి అక్కడ అంటుకుని సిలిండర్లోకి వస్తుంది. రాత్రంతా చల్లబడిన ఆ గది గోడలు నలిగిన గాలిలోని వేడిని పీల్చేసుకుంటాయి. అందుకని ఆ గదిలోకి వేలెడంత హీటరు ప్లగ్గు దూర్చి పెట్టారు. దాని మొన కొన్ని సెకన్లలో 800 డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది. కొత్త తరం బళ్లలో ప్రీ-ఛాంబర్ లేదు, డీజిల్ నేరుగా పిస్టన్ మీదే పడుతుంది కాబట్టి మన 16 డిగ్రీల చలికి హీటర్లు లేకపోయినా చాలా మటుకు అందుకుంటాయి. ఈ పాత బండి అందుకోదు.

మరి చలి మాటేమిటి? రైతు కూడా అదే అంటున్నాడు, "ఈ చలికే కదయ్యా ఇదంతా" అని. నాకైతే చలిని తిట్టడం అన్యాయం అనిపిస్తుంది. లడఖ్‌లో నిజంగానే డీజిల్ గడ్డకట్టి బళ్లు ఆగిపోతాయి. అక్కడి కోసం ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేకమైన శీతాకాలపు డీజిల్‌ని తీసుకురావాల్సి వచ్చింది. ఉంగుటూరులో నీళ్లే గడ్డకట్టవు, డీజిల్ ఏం కడుతుంది? మే నెలలో మాత్రం ఈ ప్లగ్గులు బతికున్నాయా? అప్పుడూ చచ్చే ఉన్నాయి. అప్పటి తెల్లవారుజాము వేడికి ఇంజను ఎలాగో నెట్టుకొచ్చింది, అంతే.

గ్లాసులు కింద పెట్టారు. మేస్త్రి నాలుగు ప్లగ్గులనీ కలిపే పల్చటి లోహపు పట్టీ నట్లు విప్పి పట్టీ పక్కన పెట్టాడు. టెస్ట్ ల్యాంపు ఒక కొసని బ్యాటరీ పాజిటివ్‌కి తగిలించి, రెండో కొసతో ఒక్కో ప్లగ్గు తలనీ తాకుతున్నాడు. మొదటిది, బల్బు వెలిగింది. రెండోది, వెలగలేదు. మళ్లీ తాకాడు, గీకి తాకాడు, వెలగలేదు. మూడోది కూడా అంతే. నాలుగోది వెలిగింది. వెలగలేదంటే లోపలి తీగ తెగిపోయిందని అర్థం.

విప్పడం దగ్గర ఆయన చెయ్యి నెమ్మదించింది. మరలకి ముందే నూనె పోసి నాననిచ్చాడు. పొడుగు సాకెట్ పెట్టి పావు వంతు వదులు చేశాడు, మళ్లీ కొంచెం బిగించాడు, మళ్లీ వదులు చేశాడు. ఏళ్ల తరబడి మసి పట్టిన ప్లగ్గుని ఒక్క ఊపున తిప్పితే మొన హెడ్‌లోనే విరిగి ఉండిపోతుంది. ఇక హెడ్ దించాల్సిందే. కుర్రాడు "నేను తీస్తా అన్నా" అంటే, "నువ్వు చూడు" అన్నాడు. నాలుగూ క్షేమంగా బయటికొచ్చాయి. మూడోదాని మొన ఉబ్బి పగిలింది.

మిగిలినవి బతికున్నట్టు కనబడ్డాయి కదా, వాటినెలా నమ్మడం? మొదటిదాన్ని శ్రావణంతో పట్టుకుని, మందపాటి వైర్లతో బ్యాటరీకి కలిపాడు. షెడ్డులో ఇంకా పూర్తిగా వెలుతురు రాలేదు కాబట్టి బాగా కనబడుతోంది. ఒకటి, రెండు, మూడు... ఎరుపు మొన దగ్గర కాకుండా నడుమున మొదలైంది. మొన నల్లగానే ఉంది. వేడి పుట్టాల్సిన చోట పుట్టడం లేదు. "ఇదీ అయిపోవచ్చింది. నాలుగూ మార్చేద్దాం బాబాయ్. రెండు కొత్తవి, రెండు పాతవి పెడితే మళ్లీ ఇక్కడే కలుస్తాం." ఇది ఇంట్లో చేసి చూసే పరీక్ష కాదు, వేలు ఆనితే తోలు ఊడొస్తుంది.

ప్లగ్గులు విజయవాడ ఆటోనగర్ నుంచి రావాలి. పార్సిల్ మీద "కృష్ణా జిల్లా, తేలప్రోలు దగ్గర" అని రెండు సార్లు చెప్పి మరీ రాయించాడు మేస్త్రి. ఏలూరు జిల్లాలో ఇంకో ఉంగుటూరు ఉంది, నియోజకవర్గం పేరూ అదే, సామాన్లు అక్కడికి షికారుకి వెళ్లడం వీళ్లకి కొత్త కాదు. ఈ ప్రాంతంలో పేర్లతో జాగ్రత్తగానే ఉండాలి. నూజివీడు పేరుతో ఉన్న రైల్వే స్టేషను నూజివీడులో ఉండదు, హనుమాన్ జంక్షన్లో ఉంటుంది. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది. దాంతో ఈ రైతు ఇల్లు ఒక జిల్లాలో, తోట ఇంకో జిల్లాలో పడ్డాయి.

ప్లగ్గులొచ్చే లోపల గాలి దొంగని పట్టాలి. మేస్త్రి ఫిల్టరు మీదున్న చేతి పంపుని నొక్కుతున్నాడు. మొదట మెత్తగా దిగింది, నాలుగైదు నొక్కులకి గట్టిపడింది. టార్చి పట్టుకుని పైపు వెంట వెళ్తున్నాడు. ఫిల్టరు కింది మర, పొడి. క్లిప్పులు, పొడి. పంపు దగ్గర జాయింటు, పొడి. నాజిళ్ల మీదుగా ఒకదానికొకటి అల్లినట్టు పోయే సన్నటి గుడ్డ తొడుగు పైపులున్నాయి. నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్‌ని ట్యాంకుకి తిరిగి పంపే రిటన్ పైపులివి. నాలుగో నాజిల్ దగ్గర ఆ వరస ఆగిపోతుంది. అక్కడ ఒక చిన్న రబ్బరు మూత ఉంది, చిటికెన వేలి గోరంత. ఇంజనంతా పొడి దుమ్ము పట్టి ఉంటే దాని చుట్టూ మాత్రం దుమ్ము ముద్దకట్టి నల్లగా ఉంది.

"ఇటు రండి."

వేస్టుతో తుడిచాడు. చేతి పంపుని కుర్రాడి చేత మళ్లీ నొక్కించాడు. కాసేపు ఏమీ లేదు. తర్వాత మూత మీదున్న వెంట్రుకంత పగులు దగ్గర ఒక బొట్టు ఊరింది. టార్చి వెలుగులో పెరిగి, జారకుండా అక్కడే నిలబడింది. ఇంజను తిరుగుతున్నప్పుడు ఈ పగుల్లోంచి కొంచెం చెమ్మ బయటికొస్తుంది, వేడికి ఆరిపోతుంది, ఎవరి కంటా పడదు. రాత్రి ఇంజను ఆగాక ఇదే పగుల్లోంచి గాలి లోపలికి పోతుంది, డీజిల్ ట్యాంకులోకి జారుతుంది.

రైతు వంగి చూసి లేచాడు. "దీనికా పంపు విప్పమన్నారు?"

మేస్త్రి ఏమీ అనలేదు. ఇంకొకరి పనిని తప్పుపట్టే అలవాటు ఆయనకి ఉన్నట్టు లేదు. కానీ నేను అంటాను. ముందు చవకగా, చేతికందేలా ఉన్నవాటిని చూసి, తర్వాత ఖరీదైన వాటి జోలికి వెళ్లడం మెకానిక్ పని. అది చెయ్యకుండా పంపు మీద చెయ్యి వేసేవాళ్లు రైతు జేబు మీద చెయ్యి వేస్తున్నట్టే. రిటన్ పైపు మొత్తం మార్చినా, మూతతో కలిపి, హోటల్లో ఇద్దరి టిఫిను ఖర్చు కాదు.

పైపు షెడ్డులోనే ఉంది. పాతది పీకి, ముక్కలు కోసి, కొత్తది తొడిగారు. మధ్యాహ్నానికి ప్లగ్గులొచ్చాయి, ఈ ఉంగుటూరుకే. మరలకి కొంచెం గ్రీజు రాసి, చేత్తో తిప్పినంత మేర చేత్తోనే తిప్పి, చివర్లో సాకెట్‌తో తేలిగ్గా బిగించాడు. పారదర్శక పైపు మాత్రం తియ్యలేదు. "రేపు పొద్దున చూశాకే తీస్తా" అన్నాడు. రైతు బండి తీసుకుపోబోతే తాళం ఇవ్వలేదు. ఆ రాత్రి కూడా షెడ్డులోనే.

ఆ ఖాళీలో ఇంకో బండి వచ్చింది, పెట్రోలుది, అదీ పొద్దున్నే సతాయిస్తోందట. దాన్ని మేస్త్రి రేపు సాయంత్రం వదిలి వెళ్లమన్నాడు. దాని సంగతి వేరు. అందులో ఇంజను ఎంత చల్లగా ఉందో కంప్యూటరుకి చెప్పే సెన్సారు ఒకటుంటుంది, అది చల్లటి ఇంజనుని వేడిగా ఉందని చెప్తే పెట్రోలు తక్కువ పడుతుంది. కామన్ రైల్ డీజిల్ బళ్లలోనైతే రైల్లో ఒత్తిడి సుమారు 200 బార్లకి చేరితే గానీ నాజిళ్లు తెరుచుకోవు. రాత్రి ఎక్కడైనా గాలి దూరితే ఆ ఒత్తిడి రావడానికి సెల్ఫ్ చాలాసేపు తిప్పాల్సి వస్తుంది. వాటికి చేతి పంపు, టెస్ట్ ల్యాంపుతో పాటు స్కానరు కూడా కావాలి.

మర్నాడు మళ్లీ అదే వేళ, అదే మంచు. టార్చి పైపు మీద వేస్తే పై వంపు దాకా డీజిల్, ఒక్క బుడగ లేదు. కుర్రాడు తాళం మొదటి గంటు తిప్పాడు. రిలే టక్‌మంది. ఈసారి లోపలి లైటు మసకబారి ఎర్రగా దిగింది. మీటరు కూడా పన్నెండు దిగువకి జారింది. హీటరు లైటు ఆరేదాకా ఆగమన్నాడు మేస్త్రి. ఆరింది. సెల్ఫ్. రెండు చుట్లు తిరిగిందో లేదో అందుకుంది. నాలుగు సిలిండర్లూ ఒక్కసారే.

సైలెన్సర్ దగ్గర చిన్న తెల్లపొగ ఒకటి వచ్చి పోయింది. రైతు అది చూసి మేస్త్రి వైపు చూశాడు.

"ఒక సిలిండర్లో కంప్రెషన్ కొంచెం తగ్గింది బాబాయ్. వయసు. ఇప్పుడేమీ చెయ్యక్కర్లేదు, ఆయిలు టైముకి మార్చండి, ఇంకో రెండు మూడు చలికాలాలు లాగుతుంది. పల్లంలో పెట్టుకోవడం మానెయ్యండి. ఆ స్టార్టింగ్ స్ప్రేలు కొట్టమంటే కొట్టకండి. హీటర్లు ఎర్రగా ఉన్నప్పుడు అది కొడితే పేలుద్ది."

రైతు లెక్క అడిగాడు, ఇచ్చాడు, గేరు వేశాడు. ఆరున్నర కూడా కాలేదు.

మీ బండి కూడా పొద్దున్నే మొరాయిస్తుంటే, దాన్ని ఎలాగో స్టార్ట్ చేసి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకండి. ముందు రోజు సాయంత్రమే ఆయన దగ్గర వదిలి, తెల్లారి తను వచ్చేదాకా ఎవరినీ తాళం తిప్పనివ్వొద్దని చెప్పండి. అంతకు ముందే మీరు ఇంటి దగ్గర ఒకరిని వెనక నిలబెట్టి, సెల్ఫ్ తిరిగేటప్పుడు పొగ వచ్చిందా, రాలేదా, వస్తే ఏ రంగులో వచ్చిందో చూడమనండి. ఆ రెండు ముక్కలూ మెకానిక్‌కి చెప్పాకే పంపు గురించి మాట్లాడనివ్వండి.